తెర మీద మన అక్షరం: ఎల్‌వీజీఎల్ 9 మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, ఇక్కడ మా రాయగడ నుంచి కూడా. చిన్న బోర్డుల మీద టచ్ స్క్రీన్ పెట్టి బటన్లు, మీటర్లు, గ్రాఫులు గీయించే ఎల్‌వీజీఎల్ లైబ్రరీ 9వ వెర్షన్‌కి వచ్చాక ఏటి మారింది, ఎలా మార్చుకోవాలి అని. కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి మొదలెడతాను. ఇది సి భాషలో రాసిన ఉచిత లైబ్రరీ, హంగేరీకి చెందిన గాబోర్ కిష్-వామోషి మొదలుపెట్టాడు, మొదట్లో దీన్ని లిటిల్‌వీజీఎల్ అనేవారు. ఎంఐటీ లైసెన్సు కాబట్టి మీరు అమ్మే సరుకులో పెట్టుకున్నా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు, ఆ లైసెన్సు పాఠం మాత్రం సరుకుతో పాటు ఉంచాలి. 9.0 వచ్చింది 2024 జనవరిలో, 9.1 అదే ఏడు మార్చిలో, 9.2 ఆగస్టులో. నేను ఇప్పుడు పనికి వాడుతున్నది 9.2, కాబట్టి కింద చెప్పేదంతా దాని మీద చేతులు పెట్టి చూసి చెప్తున్నదే.

ప్రశ్న: మాస్టారూ, నేను డిప్లొమా ఫైనలియర్. 2.8 అంగుళాల టచ్ స్క్రీన్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు మీద ఎల్‌వీజీఎల్ 8తో ప్రాజెక్టు చేసుకున్నాను, బాగానే నడిచేది. 9కి అప్‌డేట్ చేసిన దగ్గర్నుంచి ఎర్రర్లే ఎర్రర్లు. వీడియోలు చూసి ఎలాగో కంపైల్ చేయించాను గానీ మొదట తెర తెల్లగా ఉండిపోయింది, ఇంకేదో మారిస్తే బొమ్మ వచ్చింది కానీ ఎర్ర బటన్ నీలంగా కనిపిస్తోంది. నా డిస్‌ప్లే పోయిందా? – ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: పోలేదు తమ్ముడూ, డిస్‌ప్లే బంగారంలా ఉంది. 8కీ 9కీ మధ్య లోపలి వైరింగంతా మార్చేశారు, నీకు వచ్చినవి అందరికీ వచ్చేవే.

పేర్ల మార్పు తేలిక. బీటీఎన్ అని ఉండేది బటన్ అయింది, ఐఎంజీ ఇమేజ్ అయింది, డిస్ప్ డిస్‌ప్లే అయింది. పాత పేర్లని కొత్తవాటికి మళ్ళించే హెడర్ ఫైలు ఒకటి లైబ్రరీలోనే ఉంది కాబట్టి వీటిలో చాలామటుకు మార్చకపోయినా నడిచిపోతాయి. మీటర్ విడ్జెట్‌ని (తెర మీద పెట్టే ఒక్కో వస్తువునీ విడ్జెట్ అంటారు) మాత్రం తీసేసి దాని బదులు స్కేల్ అని కొత్తది ఇచ్చారు, ముల్లు ఉన్న డయల్ పెట్టుకున్నవాళ్ళు ఆ భాగం మళ్ళీ రాసుకోవాల్సిందే. ఇంకోటి, పాత ఎల్‌వీ కాన్ఫ్ ఫైలుని, అంటే లైబ్రరీ సెట్టింగులుండే ఫైలుని, కాపీ కొట్టి వాడొద్దు, కొత్త లైబ్రరీతో వచ్చిన టెంప్లేట్ తీసుకుని అందులో నీకు కావలసినవి మళ్ళీ ఆన్ చేసుకో. సగం బాధలు అక్కడే తీరిపోతాయి.

ఇప్పుడు నీ ఎర్ర బటన్ సంగతి. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అర్థమైతే జన్మలో మర్చిపోవు. నీ స్క్రీన్‌కి ఒక్కో పిక్సెల్ రంగు రెండు బైట్లలో వెళ్తుంది, అందులో ఎరుపుకి 5 బిట్లు, ఆకుపచ్చకి 6, నీలానికి 5, మొత్తం 16. బోర్డుకీ స్క్రీన్‌కీ మధ్య ఉండే ఎస్‌పీఐ తీగ మీద స్క్రీన్ పెద్ద బైటు ముందు రావాలని చూస్తుంది, ప్రాసెసరేమో చిన్న బైటు ముందు పెట్టి పంపిస్తుంది. 8లో దీనికి కలర్ 16 స్వాప్ అని ఒక సెట్టింగు ఉండేది, దాన్ని 1 చేస్తే పనైపోయేది. 9లో ఆ సెట్టింగు తీసేశారు. రెండు బైట్లూ తారుమారైతే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడు, నిండు ఎరుపు నీలంలా కనిపిస్తుంది, నిండు నీలం ఆకుపచ్చ అవుతుంది, నిండు ఆకుపచ్చ ఎర్రగా వస్తుంది. తెలుపు, నలుపు మాత్రం మారవు, ఎందుకంటే వాటిలో రెండు బైట్లూ ఒకటే. అందుకే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల అక్షరాలు పెట్టి టెస్ట్ చేసినవాళ్ళకి ఈ తేడా కనపడదు, తర్వాత ఎప్పుడో లోగో పెట్టినప్పుడు బయటపడి హడలిపోతారు. మందు ఏటంటే, లైబ్రరీ గీసిన ముక్కని స్క్రీన్‌కి పంపడానికి మనం రాసే ఫంక్షనే ఫ్లష్ కాల్‌బ్యాక్, అందులో పంపించే ముందు ఎల్‌వీ డ్రా ఎస్‌డబ్ల్యూ ఆర్‌జీబీ565 స్వాప్ అనే ఫంక్షన్‌ని పిలిచి బఫరు (గీసిన పిక్సెళ్ళు పంపేదాకా ఉండే మెమరీ), అందులో ఎన్ని పిక్సెళ్ళున్నాయో ఆ లెక్క ఇవ్వు. నువ్వు వాడే డిస్‌ప్లే లైబ్రరీ తనే బైట్లు తిప్పే వెసులుబాటు ఇస్తే అదైనా పెట్టుకో, రెండూ పెట్టకు, రెండు సార్లు తిరిగితే మొదటికే వస్తావు.

తెర తెల్లగా ఉండిపోవడానికి కారణం టైము. ఎల్‌వీజీఎల్‌కి ఎంతసేపు గడిచిందో మనమే చెప్పాలి, లేకపోతే దాని టైమర్లు కదలవు, గీయడమే మొదలెట్టదు. 8లో టిక్ కస్టమ్ అని కాన్ఫ్‌లో పెట్టేవాళ్ళం, అదీ పోయింది. ఇప్పుడు సెటప్‌లో టిక్ సెట్ సీబీ అని ఒక్కసారి పిలిచి మిల్లీసెకన్లు చెప్పే ఫంక్షన్ ఇస్తే చాలు. ఫ్లష్ అయ్యాక ఫ్లష్ రెడీ చెప్పడం మర్చిపోయినా ఇదే కథ, మొదటి ముక్క పంపించి రెండోదానికి జవాబు కోసం చూస్తూ అక్కడే కూర్చుంటుంది.

ఆఖరుగా బఫరు. దీంట్లో చాలామంది తెలియకుండా నష్టపోతున్నారు. 8లో బఫరు సైజు పిక్సెళ్ళలో చెప్పేవాళ్ళం, 9లో బైట్లలో చెప్పాలి. నీది 320 బై 240 స్క్రీన్ కదా, మొత్తం తెరకి 1,53,600 బైట్లు పడుతుంది, అంత ఇవ్వక్కర్లేదు, పదో వంతు ఇస్తే చాలు, అంటే 24 వరసలు, 15,360 బైట్లు. పాత కోడ్‌లో 7,680 అని రాసి ఉంటుంది, అది పిక్సెళ్ళ లెక్క. దాన్ని అలాగే వదిలేస్తే లైబ్రరీ 7,680 బైట్లే అనుకుని 12 వరసల చొప్పున గీస్తుంది, పని నడుస్తుంది గానీ ముక్కలు రెట్టింపు. దీనికి తోడు ఎల్‌వీ కలర్ టీ అనేది 9లో ఎప్పుడూ మూడు బైట్లే, దాంతో బఫరు డిక్లేర్ చేస్తే నీకు తెలియకుండా ఒకటిన్నర రెట్లు ర్యామ్ పోతుంది. మామూలు 8 బిట్ల అర్రే పెట్టుకుని బైట్లు నువ్వే లెక్కగట్టు.

ప్రశ్న: సార్, పొలంలో మోటారు స్టార్టరుకి చిన్న పెట్టె చేస్తున్నాను, 128 బై 64 ఓఎల్‌ఈడీ ఉంది. దీని మీద ఎల్‌వీజీఎల్ నడుస్తుందా? – జయపురం దగ్గర ఒక రైతు

జవాబు: నడుస్తుందండీ. 9.2 నుంచి ఒక్క బిట్టుకి ఒక పిక్సెల్ పద్ధతిలో నేరుగా గీయగలదు, అంతకు ముందు పెద్ద రంగుల్లో గీసి మనమే కుదించుకోవాల్సి వచ్చేది. మీ తెరకి 1,024 బైట్లు, ముందు రంగుల పట్టీకి 8 బైట్లు కలిపి 1,032 పెట్టుకోవాలి, స్క్రీన్‌కి పంపేటప్పుడు ఆ మొదటి 8 బైట్లూ వదిలేసి పంపాలి. అయితే నా మాట అడిగితే, వోల్టేజీ, కరెంటు, మోటారు ఆన్ ఆఫ్ ఇంతే చూపించాలంటే ఇంత లైబ్రరీ అక్కర్లేదు. దీని కనీస అవసరమే 64 కేబీ ఫ్లాష్, హాయిగా ఉండాలంటే 180 కేబీ పైన. యూ8జీ2 లాంటి చిన్న లైబ్రరీతో సరిపోతుంది, పెట్టె ధర కూడా తగ్గుతుంది.

ప్రశ్న: నమస్తే అండీ. మాకు జీడిపప్పు ఆరబెట్టే డ్రయ్యర్లున్నాయి, వాటి కంట్రోలర్ కోడ్ నేనే రాస్తున్నాను. టెంపరేచరు మెయిన్ స్క్రీన్ మీద, గ్రాఫ్ స్క్రీన్ మీద, సెట్టింగ్స్ స్క్రీన్ మీద మూడు చోట్ల చూపించాలి. ఒక చోట మార్చి ఇంకో చోట మర్చిపోతున్నాను, ఒక్కోసారి మూసేసిన స్క్రీన్ లేబుల్ మీద రాయబోయి బోర్డు రీస్టార్ట్ అయిపోతోంది. కొత్త వెర్షన్‌లో అబ్జర్వర్ అని ఏదో వచ్చిందంటున్నారు, అది నాకు పనికొస్తుందా? – ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: మీ కోసమే వచ్చిందమ్మా అది. 9లో వచ్చినవాటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

ఊళ్ళో దండోరా వేసేవాడు ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టడు కదా, వీధి మొగలో నిలబడి ఒక్కసారి డప్పు కొడితే వినాల్సినవాళ్ళు వింటారు. ఇదీ అంతే. మీ టెంపరేచరుకి సబ్జెక్ట్ అని ఒకటి చేస్తారు, మూడు స్క్రీన్ల లేబుళ్ళనీ దానికి బైండ్ చేస్తారు. తర్వాత సెన్సారు చదివినప్పుడల్లా సబ్జెక్ట్‌లో విలువ ఒక్కసారి పెడితే చాలు, లేబుళ్ళు వాటంతటవే మారతాయి. స్లైడర్, ఆర్క్, రోలర్ లాంటివి బైండ్ చేస్తే రెండు వైపులా పనిచేస్తుంది, ఆపరేటర్ స్లైడర్ జరిపితే సబ్జెక్ట్ మారుతుంది, దాన్ని చూసుకుంటున్న మిగతావన్నీ మారతాయి. లేబుల్ లాంటి వస్తువుకి కట్టిన అబ్జర్వర్ ఆ వస్తువు డిలీట్ అయినప్పుడు తనూ పోతుంది, అంటే మూసేసిన స్క్రీన్ మీద రాయబోయి రీస్టార్ట్ అయ్యే మీ జబ్బు దీంతోనే పోతుంది. అలారం కోసం ఇంకో సబ్జెక్ట్ పెట్టుకుని అది సున్నా అయితే హెచ్చరిక బొమ్మని దాచు అని ఒక్క లైనులో కట్టేయొచ్చు, అది మీకు బాగా పనికొస్తుంది.

మూడు జాగ్రత్తలు చెప్తాను. సబ్జెక్ట్‌ని ఫంక్షన్ లోపల మామూలు వేరియబుల్‌గా పెట్టకండి, ఫంక్షన్ అయిపోగానే అది పోతుంది, స్టాటిక్‌గానో గ్లోబల్‌గానో ఉండాలి. 65.4 లాంటి దశాంశాలకి పదింతలు చేసి 654 అని పూర్ణసంఖ్యగా పెట్టి, చూపించేటప్పుడు మీ సొంత అబ్జర్వర్ ఫంక్షన్‌లో చుక్క పెట్టుకోండి. మూడోది చాలా ముఖ్యం, మీరు సెన్సారుని ఫ్రీఆర్‌టాస్ (ఒకే బోర్డు మీద చాలా పనులు పక్కపక్కన నడిపే చిన్న ఓఎస్) టాస్క్‌లో వేరేగా చదువుతుంటే అక్కణ్ణుంచి నేరుగా సబ్జెక్ట్ మార్చకండి. ఎల్‌వీజీఎల్‌ని ఒకేసారి రెండు టాస్కులు ముట్టుకోకూడదు. కాన్ఫ్‌లో ఓఎస్ దగ్గర ఫ్రీఆర్‌టాస్ ఎంచుకుని, ఎల్‌వీ లాక్ వేసి, విలువ మార్చి, అన్‌లాక్ చెయ్యండి. ఇంటరప్ట్‌లోంచి అసలే వద్దు. వారానికోసారి రాత్రి పూట కారణం లేకుండా ఆగిపోయే మెషిన్లు నేను చూసినవాటిలో చాలావాటికి జబ్బు ఇక్కడే ఉంది.

ప్రశ్న: మాస్టారూ, రైస్ మిల్లులో తేమ మీటరు, బాయిలరు ప్యానెళ్ళు రిపేర్లు చేస్తుంటాను, ఇప్పుడు సొంతంగా ప్యానెల్ చేస్తున్నాను. మా దగ్గర పనిచేసేవాళ్ళకి తెలుగు, ఒడియా తప్ప ఇంగ్లీషు రాదు. తెలుగు ఫాంటు కన్వర్ట్ చేసి పెట్టాను గానీ అక్షరాలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి, వత్తులు పక్కన పడుతున్నాయి. 9లో ఇది సరిచేశారా? – ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: లేదు సోదరా, సరిచెయ్యలేదు. 9.2 దాకా లైబ్రరీకి తనంతట తను మన అక్షరాలు కూర్చడం రాదు. అరబ్బీ, ఫారసీ అక్షరాలు కలిపి రాసేందుకు ఏర్పాటు ఉంది, కుడి నుంచి ఎడమకి రాయడం ఉంది, మనవాటికి లేదు. ఫ్రీటైప్ పెట్టుకుంటే వస్తుందని కొందరు చెప్తారు, అది అక్షరం బొమ్మని గీసిపెడుతుంది అంతే, ఏ అక్షరం ఏ అక్షరంతో ఎలా కలవాలో చూసే పని దానిది కాదు.

ఎందుకలా అవుతుందంటే, యూనికోడ్‌లో "స్త్రీ" అనేది ఒక అక్షరం కాదు, స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు వరసగా ఉంటాయి. ఫోన్‌లో అయితే లోపల షేపింగ్ ఇంజన్ ఉండి వాటిని చూసి ఒక ముద్దగా కూరుస్తుంది. చిన్న బోర్డులో ఆ పని చేసేవాళ్ళు లేరు, ఆరూ ఆరు చోట్ల గీసేస్తుంది. "వేడి" లాంటి వత్తులే లేని మాట కూడా సరిగ్గా రాదు, వ మీద తలకట్టు పోకుండానే ఏత్వం వచ్చి పక్కన కూర్చుంటుంది. ఒడియాలో ఇంకో తంటా, ఎత్వం గుర్తు రాసేటప్పుడు హల్లుకి ఎడమవైపు రావాలి, సంకేతాల వరసలో మాత్రం హల్లు తర్వాత ఉంటుంది, కాబట్టి అది తప్పు వైపు పడుతుంది. చదువుకునే పిల్లాడు కూడా దాన్ని చదవలేడు.

దీని మీద నేను ఇంత పట్టుబట్టి ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. మూడేళ్ళ కిందట ఒక చోట జీడిపప్పు డ్రయ్యరు చూడమంటే వెళ్ళాను. ప్యానెల్ కొత్తది, రంగుల స్క్రీను, అంతా ఇంగ్లీషు. వేడి హద్దు దాటితే ఎర్ర డబ్బా వచ్చి ఇంగ్లీషులో రెండు మాటలు, కింద ఓకే బటన్. రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి ఆ డబ్బా వచ్చినప్పుడల్లా ఓకే నొక్కింది, ఎందుకంటే నొక్కితే పోతుందని ఎవరో చూపించారు. తెల్లారేసరికి ట్రేలన్నీ మాడి గోధుమ రంగుకి వచ్చేశాయి. అందరూ ఆ అమ్మాయినే అన్నారు. ఆ మాటలు తెలుగులో ఉంటే ఆ అమ్మాయి మంట తగ్గించేది, నాకు అందులో అనుమానం లేదు, పక్కనే గోడ మీద సబ్బు ప్రకటన తెలుగులో ఉంటే నాకే చదివి వినిపించింది.

కాబట్టి దారి చూద్దాం. ఒక ప్యానెల్‌లో వాడే మాటలు ఎన్నుంటాయి? రాసుకుని చూడు, నలభై దాటవు. ఆ మాటల్ని కంప్యూటర్లో మంచి తెలుగు ఫాంటుతో టైపు చేసి, ఒక్కో మాటనీ బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసుకో. 9లో లైబ్రరీతో పాటే స్క్రిప్ట్స్ ఫోల్డర్లో ఎల్‌వీజీఎల్ ఇమేజ్ అనే పైథాన్ ప్రోగ్రాము వస్తుంది, దానికి ఈ బొమ్మలిచ్చి ఏ8 రకంలో మార్చమంటే సి ఫైళ్ళు ఇస్తుంది. ఏ8 అంటే పిక్సెల్‌కి ఒక బైటు, అది రంగు కాదు, ఎంత చిక్కగా ఉందో చెప్పే లెక్క. రంగు మనం స్టైల్‌లో ఇమేజ్ రీకలర్‌తో ఇస్తాం, అందుకే ఒకే బొమ్మ మామూలప్పుడు నల్లగా, ప్రమాదం వచ్చినప్పుడు ఎర్రగా చూపించొచ్చు, రెండు బొమ్మలు అక్కర్లేదు. 120 బై 32 మాటకి 3,840 బైట్లు, నలభై మాటలకి 1,53,600, ఒడియాకి కూడా అంతే వేసుకో, రెండూ కలిపి 300 కేబీ. ఇది ర్యామ్ కాదు, ఫ్లాష్‌లో కూర్చుంటుంది, 4 ఎంబీ ఫ్లాష్ ఉన్న బోర్డుకి ఇదొక లెక్క కాదు. అంకెలకి మాత్రం మామూలు ఫాంటే వాడు, అవి క్షణక్షణం మారతాయి, వాటికి షేపింగ్ అక్కర్లేదు.

భాష మార్చడానికి పైన పర్లాకిమిడి సోదరికి చెప్పిన సబ్జెక్ట్ పద్ధతే. భాష అని ఒక సబ్జెక్ట్, తెలుగుకి 0, ఒడియాకి 1, ప్రతి బొమ్మకీ చిన్న అబ్జర్వర్, విలువ మారగానే తన సోర్స్ మార్చుకుంటుంది. రాత్రి ఒడియా చదివేవాళ్ళు, పగలు తెలుగు చదివేవాళ్ళు ఉన్నా ఒక్క నొక్కుతో అయిపోతుంది. మన వైపు కువి మాట్లాడేవాళ్ళు, అసలు చదువు రానివాళ్ళు కూడా మెషిన్ల దగ్గర పనిచేస్తారు, వాళ్ళ కోసం మాట పక్కన గుర్తు కూడా పెట్టు, లైబ్రరీ ఫాంటులోనే హెచ్చరిక త్రికోణం, గంట, పవర్ లాంటివి ఉన్నాయి. ఇంకో మాట, హెచ్చరిక డబ్బాలో ఓకే అని పెట్టకు. ఏం చెయ్యాలో అదే రాయి, "మంట తగ్గించు" అని. వేడి దిగిందాకా ఆ డబ్బా పోకుండా కట్టు, నొక్కితే పోయే హెచ్చరిక వద్దు.

ప్రశ్న: సార్, 9.2లో లాటీ యానిమేషన్లు వచ్చాయట కదా, నా ఈఎస్‌పీ32లో పెడితే ఫోన్‌లా కనిపిస్తుందా? – బీటెక్ విద్యార్థి, బరంపురం

జవాబు: వచ్చాయి, లాటీ అంటే గీతల లెక్కలుగా ఫైల్లో దాచిన కదిలే బొమ్మలు, చూడ్డానికి చాలా బాగుంటాయి. కానీ లాటీకి లోపల థార్‌వీజీ అనే వెక్టర్ ఇంజన్ కావాలి, దానికి స్టాక్ బాగా పెద్దది కావాలి, పైగా 100 బై 100 బొమ్మకే పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 40,000 బైట్ల బఫరు పక్కన పెట్టాలి. పీఎస్‌ర్యామ్ (చిప్‌కి అదనంగా పెట్టే ర్యామ్) లేని మామూలు ఈఎస్‌పీ32లో వద్దు. పీఎస్‌ర్యామ్ ఉన్న ఈఎస్‌పీ32-ఎస్3 బోర్డు ఉంటే చేసి చూడు, కాన్ఫ్‌లో పర్ఫ్ మానిటర్ ఆన్ చేసుకుంటే తెర మూల మీద సెకనుకి ఎన్ని ఫ్రేములు, సీపీయూ ఎంత అని కనిపిస్తుంది, అది చూసుకుంటూ నిర్ణయించుకో. తిరిగే చక్రం చాలంటే స్పిన్నర్ విడ్జెట్ ఉండనే ఉంది.

ప్రశ్న: మాస్టారూ, నడుస్తున్న పాత మెషిన్లు 8 మీద ఉన్నాయి, అవన్నీ 9కి మార్చాలా? ఇంకోటి, మా చెల్లి నేర్చుకుంటానంటోంది, బోర్డు కొనివ్వకుండా మొదలెట్టొచ్చా? – గుణుపురం నుంచి ఇంకొకరు

జవాబు: గోడకి బిగించి బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదుపుతారు, వదిలేయండి. 8.4 కూడా 2024లోనే వచ్చింది, అది మంచిదే. కొత్తగా మొదలెట్టేది మాత్రం 9 మీద మొదలెట్టండి.

చెల్లికి బోర్డు అక్కర్లేదు, ల్యాప్‌టాప్ చాలు. కంప్యూటర్ విండోలో తెరని చూపించే ఎస్‌డీఎల్ డ్రైవరు ఇప్పుడు లైబ్రరీ లోపలే ఉంది, ముందు అది వేరే రిపోజిటరీలో ఉండేది. విండో ఒకటి 320 బై 240 అని తెరిచి, మౌస్‌ని టచ్‌లా కలిపితే ల్యాప్‌టాప్‌లోనే మొత్తం స్క్రీన్ కనిపిస్తుంది, అదే కోడ్ తర్వాత బోర్డుకి ఎక్కించుకోవచ్చు. నేను నౌపడ నుంచి గుణుపురం బండిలో కూర్చుని స్క్రీన్లు ఇలాగే చేసుకుంటాను. మొదటి రోజు ఒక సబ్జెక్ట్, ఒక స్లైడర్, ఒక లేబుల్, ఈ మూడూ కట్టమనండి, స్లైడర్ జరిపితే అంకె మారాలి. అది అయ్యాక రెండో రోజు తన పేరు తెలుగులో బొమ్మ చేసి తెర మీద పెట్టమనండి. ఎక్కడైనా ఆగిపోతే తననే నాకు రాయమనండి, వచ్చే నెల జవాబు ఇస్తాను.